నాలుగు వేళ్ళ ఎడం

సెప్టెంబరు 12

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. జవాబు ఆలస్యమైందని మూతి ముడుచుకోకు. ఫోన్ చేస్తే నీకు వినపడదు, మెసేజి పెడదామంటే నా వేలు ఒకటి నొక్కితే మూడు అక్షరాలు పడతాయి. మనకి కాగితమే నయం. నా మోకాలు ఎప్పటిలాగే ఉంది. లిఫ్టు పనిచేసినన్నాళ్ళూ దానికీ నాకూ తగాదా లేదు.

నీకో సంగతి చెప్పాలి, సిగ్గుపడుతూ చెబుతున్నాను. నేను ఊడ్చే ఆఫీసు బిల్డింగ్ సంగతి నీకు తెలుసుగా, రెండు బిల్డింగులు, మధ్యలో రెండో అంతస్తు ఎత్తులో గాజు వంతెన. ఆ వంతెన కిందా, ముందు మెట్ల మీదా ఊడ్చే పని నాది. ఐదున్నరకి మొదలుపెడతాను. ఏటా ఈ రోజుల్లో అక్కడ చచ్చిన పిట్టలు పడి ఉంటాయి. ఒకరోజు రెండు, ఒకరోజు పది. చేరిన రోజే సూపర్‌వైజరు చెప్పాడు, "ఆఫీసు వాళ్ళొచ్చేలోపు అవి కనపడకూడదు" అని. ఆరేళ్ళు ఆకులతో పాటే ఊడ్చి డబ్బాలో పోశాను. ముసలివై రాలిపోతున్నాయనుకున్నాను. ఆ మాటకొస్తే ఏమీ అనుకోలేదు. కడుపు కోసం చేసే పనిలో అన్నీ అనుకుంటూ కూర్చుంటామా?

మొన్న మంగళవారం చీపురు పట్టుకుని వెళ్ళేసరికి ఒకావిడ మెట్ల మీద గొంతుక్కూర్చుని ఉంది.

"అమ్మా, ఒక్క నిమిషం. అది ఊడ్చేయకండి" అంది.

"ఎందుకండీ, చచ్చిపోయిందిగా?"

"చచ్చిపోయింది కాబట్టే."

స్కూలు టీచరట. ఇంకో ఆరేడుగురితో కలిసి తెల్లవారగానే ఇలాంటి బిల్డింగుల చుట్టూ తిరిగి, పడిన పిట్టల్ని ఏరి, ఏ రకమో ఎప్పుడు దొరికిందో రాసి పెడుతుందట. జీతం బత్తెం లేని పని. నా అరచేతిలో ఒకదాన్ని పెట్టింది. ఆకుపచ్చ వీపు, పసుపు పొట్ట. కన్ను ఇంకా తడిగానే ఉంది. రెండు తాళంచెవుల బరువు కూడా లేదురా. "సముద్రం దాటి వచ్చింది, ఈ అద్దం దాటలేకపోయింది" అంది టీచరమ్మ. నాకు వెంటనే రెండో చేతిలోని చెత్త చేట కింద పెట్టేయాలనిపించింది.

ఆరేళ్ళలో ఎన్ని ఊడ్చానో లెక్క వేసుకోబోయి మానేశాను.

నువ్వు గాజు బిగించేవాడివి. ఆ అద్దాలు పిట్టల్ని ఎందుకు చంపుతున్నాయో నీకు తెలియకుండా ఉండదు. రాయి.

మరదలికీ పాపకీ నా ఆశీస్సులు. పాప పళ్ళు మళ్ళీ మొలిచాయా?

అక్క


సెప్టెంబరు 25

అక్కా,

పాపకి పైపన్ను ఒకటి వచ్చింది, అదీ వంకరగా. మన వంశం పేరు నిలబెట్టింది.

నీ ఉత్తరం చదవగానే కోపమొచ్చింది. "నీకు తెలియకుండా ఉండదు" అని రాశావు చూడు, నేనేదో పలకల్లో విషం కలిపి బిగిస్తున్నట్టు! రెండు రోజులు నీకు జవాబు రాయకూడదనుకున్నాను. మీ మరదలు చదివి, "వదిన అడిగింది ప్రశ్న, నీకు వినపడింది తిట్టు" అంది. అంది అంటే రాసింది. మా ఇంట్లో మాటలన్నీ ఇప్పుడు పాత క్యాలెండరు కాగితాల వెనకే. పోట్లాట కూడా. తిట్టు రాయడం పూర్తయ్యేలోపు కోపం చల్లారిపోతోందని ఆవిడ బాధ.

ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవికి, బిందెలో తల పెట్టి వింటే ఎలా ఉంటుందో అలా వినపడుతుంది. ఇరవై రెండేళ్ళు గాజు కోసే మిషను పక్కన నిలబడ్డ చెవులు, ఇంతకాలం ఆగడమే గొప్ప. పని దగ్గర ఇంకా ఎవరికీ తెలియదు. పెదాలు చూసి నెట్టుకొస్తున్నాను. ఎత్తు మీద పనిచేసేవాడికి చెవులు సరిగ్గా ఉండాలని రూలు. తెలిస్తే దింపేస్తారు. ఈ మాట నీ దగ్గరే ఉంచు.

ఇక నీ ప్రశ్న. మా మేస్త్రీ మొదటిరోజే చెప్పాడు, "గాజు కనపడిందంటే పని చెడినట్టు" అని. అది అక్కడ లేనట్టుండాలనే మేం బిగించేది, మీరు తుడిచేది. పిట్టకి గాజు కనపడదు. అందులో ఆకాశం కనపడుతుంది, ఎదుటి చెట్టు కనపడుతుంది. ఇదే దారి అని అద్దం చెప్పింది, పిట్ట నమ్మింది.

అయితే ఒకటి గమనించాను. కొత్త పలక బిగించాక పనివాళ్ళు గుద్దుకోకుండా తెల్ల కాగితం ముక్కలు అంటిస్తాం. అవి ఉన్నన్నాళ్ళూ ఒక్క పిట్టా కొట్టుకోదు. పీకేసిన మర్నాడే మొదలు. కాబట్టి మీ వాళ్ళకి చెప్పు. అద్దం బయటివైపు తెల్ల చుక్కలు అంటించాలి, లోపలివైపు అంటిస్తే దండగ. చుక్కకీ చుక్కకీ నాలుగు వేళ్ళకి మించి ఎడం ఉండకూడదు. అరచెయ్యి దూరే సందు కనపడితే పిట్ట దూరడానికే చూస్తుంది.

గాజు పనిలో చేరానంటే "గాజులమ్ముకుంటావా" అని నన్ను ఏడిపించింది నువ్వే. ఇప్పుడు సలహా అడుగుతున్నావు. కాలం!

నీ గాజులోడు


అక్టోబరు 20

తమ్ముడూ,

నీ ఉత్తరంలో గాజు గురించి ఉన్న కాగితం టీచరమ్మకి ఇచ్చాను. ఆవిడ రెండుసార్లు చదివి, "మేం పుస్తకాలు తిరగేస్తున్నాం, ఈయన ఒక పేజీలో తేల్చేశారు" అంది. అందరం కలిసి బిల్డింగ్ మేనేజరు దగ్గరికి వెళ్ళాం. ఆయన మొహం ఎప్పుడూ ఇస్త్రీ చేసినట్టుంటుంది, ముడత పడదు. ఒప్పుకోడనే అనుకున్నాను. కానీ అంతకు ముందురోజే ఎవరో పెద్ద అతిథి వంతెన మీద నిలబడి టీ తాగుతుంటే, పావురం ఒకటి వచ్చి ఆయన ముక్కుకి ఎదురుగా అద్దానికి కొట్టుకుందట. రెక్కల ముద్ర అచ్చు గుద్దినట్టు అద్దం మీద మిగిలింది. అతిథి టీ చొక్కా మీద పోసుకున్నాడు. మా మాటకి కరగని మనిషి ఆ టీ మరకకి కరిగాడు. వంతెనకీ, కింది రెండు అంతస్తులకీ సరేనన్నాడు. ఖర్చూ చాకిరీ మావే.

మూడు ఆదివారాలు పట్టింది. టీచరమ్మ, ఆవిడ బడిలో ఇద్దరు ఆయాలు, రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన. ఆయన నిచ్చెన దగ్గర కూడా "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అనే అంటాడు. నాలుగు వేళ్ళ కొలత దగ్గర తగువొచ్చింది. కండక్టరుగారి నాలుగు వేళ్ళు నా ఆరు వేళ్ళంత. చివరికి నా చెయ్యే కొలబద్ద అని తీర్మానించారు. నా చెయ్యి! ఇన్నేళ్ళలో దీన్ని ఎవరైనా చీపురు పట్టడానికి కాకుండా పిలిచారా?

టీచరమ్మ ఇంట్లో ఫ్రిజ్ పైఅరలో నూట నలభై మూడు పిట్టలున్నాయి. రొట్టె కవర్లలో, తేదీలు రాసి. వాళ్ళాయన ఐసుకోసం ఆ తలుపు తీయడమే మానేశాడట.

ఇప్పుడు వంతెన అద్దం కనపడుతోంది. నీ మేస్త్రీ చూస్తే పని చెడిందనేవాడు.

అక్క


నవంబరు 8

అక్కా,

నీ ఉత్తరం మీ మరదలికీ పాపకీ చదివి వినిపించాను. నా గొంతు ఎంత పైకి వెళ్తోందో నాకు తెలియలేదు, పక్కింటివాళ్ళు కూడా విన్నారట. వాళ్ళావిడ ఇంకా నన్ను చూసి నవ్వుతోంది.

ఇరవై రెండేళ్ళలో ఎన్ని వేల పలకలు బిగించానో, ఒక్కటీ నాదని చెప్పుకోలేదు. మీ వంతెన మీది చుక్కలు నావని పాప బడిలో చెప్పుకుందట. చుక్కలు పెట్టడం కూడా ఒక పనా అని వాళ్ళ క్లాసు పిల్లలు అడిగారట.

చలికి జిగురు ఊడుతుంది. వారానికోసారి అంచులు నొక్కి చూడండి.

తమ్ముడు


ఏప్రిల్ 2

తమ్ముడూ,

జిగురు ఊడలేదు. ఊడితే నేను ఊరుకుంటానా? పొద్దున్నే ముందు అంచులు నొక్కి, తర్వాతే చీపురు పడుతున్నాను.

పిట్టలు తిరుగు ప్రయాణం కట్టాయి. చుక్కలు పూర్తి కాకముందు నెలరోజుల్లో టీచరమ్మ ఇక్కడ ఏరినవి అరవై ఒకటి. ఈసారి నెలన్నరలో ఏడు. ఏడురా! అందులో ఒకటి బతికింది. ఆయా అట్టపెట్టెలో గుడ్డ పరిచి, మూత పెట్టి, చీకట్లో గంటసేపు ఉంచింది. తీసేసరికి నా మొహం మీదుగా ఎగిరిపోయింది. కండక్టరుగారు "రైట్ రైట్" అని అరిచాడు.

అన్నీ మంచిమాటలే కావు. మొదటి అంతస్తు ఆఫీసువాళ్ళు బిల్డింగ్‌కి తట్టు పోసినట్టుందని గొణుగుతున్నారు. చుక్కల్లోంచి చూస్తే కళ్ళు లాగుతున్నాయట. గొణగనీ. నోళ్ళు మూయడానికి మూకుడెక్కడ తేను?

నీకు బహుమానం ఒకటి పంపుతున్నాను. పేపరు ముక్క జాగ్రత్తగా విప్పు, మడతల దగ్గర చిరుగుతుంది. విలేకరి వచ్చి టీచరమ్మతో గంట మాట్లాడాడు. నీ గురించి కూడా రాశారు చూడు, చివరి పేరాలో. ఊరికే రాశారనుకున్నావా, మా గేటు వాచ్‌మన్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

అక్క


ఏప్రిల్ 15

అక్కా,

చివరి పేరా చదివాను. "గాజు శబ్దాలకి వినికిడి పూర్తిగా కోల్పోయినా పక్షుల గోడు విన్న ఓ గాజు కార్మికుడు" అని ఉంది. పేరు లేదనుకో. నేను పనిచేసే కంపెనీ, మా అక్క ఊడ్చే బిల్డింగ్, ఇరవై రెండేళ్ళ అనుభవం, అన్నీ ఉన్నాయి. గాజు వ్యాపారంలో ఉన్నవాళ్ళు గాజు గురించి వచ్చిన వార్త చదవకుండా ఉంటారా?

మా ఓనరు నన్నేమీ అడగలేదు. నేను పలక కొలుస్తుంటే వెనక నిలబడి, ఇంకో పలక నేలమీద పడేయమన్నాడట. పడేశారు. షెడ్డులో ఉన్నవాళ్ళందరూ ఉలిక్కిపడ్డారట. నేను టేపు చూసుకుంటూనే ఉన్నాను. తల తిప్పేసరికి అందరూ నన్నే చూస్తున్నారు, నా కాళ్ళ చుట్టూ గాజుముక్కలు. అప్పుడు అర్థమైంది.

నన్ను కిందికి దింపేశారు. ఇప్పుడు నా పని పలకల మధ్య కాగితం పెట్టి పెట్టెల్లో సర్దడం. నేను పని నేర్పినవాళ్ళు పైనుంచి నాకు చేతులూపుతున్నారు.

నీ దగ్గరే ఉంచమన్నాను కదక్కా. ఒక్క మాట. అదొక్కటే కదా అడిగాను.

ఇంట్లో ఎవరికీ ఇంకా చెప్పలేదు.

తమ్ముడు


ఏప్రిల్ 24

నాన్నా,

నేను పేపరువాళ్ళకి చెప్పలేదు. టీచరమ్మకి చెప్పాను, ఒక పొద్దున మెట్ల మీద కూర్చుని ఉండగా. గొప్పగానే చెప్పాను, మా తమ్ముడికి వినపడకపోయినా ఎంత గమనించాడో చూడండి అని. ఆవిడా గొప్పగానే చెప్పింది. ఇద్దరం నిన్ను నెత్తిన పెట్టుకోబోయి కింద పడేశాం.

మీ ఓనరుతో నేను మాట్లాడనా? బతిమాలనా? నువ్వు చెప్పు, వస్తాను. రెండు రోజులు సెలవు పెట్టడానికి నాకేం భయం లేదు.

మరదలికి చెప్పు. దాయకు. దాచినకొద్దీ అది నిన్నే తింటుంది.

నన్ను తిట్టు. ఎంత కావాలంటే అంత తిట్టు, ఉత్తరం మాత్రం రాయి.

అక్క


ఆగస్టు 19

అక్కా,

ఇన్నాళ్ళూ రాయలేదు. రాయడానికి ఏమీ లేక.

మీ బిల్డింగ్ ముందువైపు అద్దాల పని మా కంపెనీకి వచ్చింది. సెప్టెంబరు ఐదు నుంచి మూడు రోజులు. నన్నూ పంపుతున్నారు. మళ్ళీ పైకి ఎక్కిస్తున్నారు.

మిగతాది వచ్చాక మాట్లాడుకుందాం.

తమ్ముడు


ఆగస్టు 28

ఒరేయ్ తమ్ముడూ,

నీ నాలుగు ముక్కల ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మళ్ళీ పైకి ఎక్కిస్తున్నారా! నేను చెప్పలేదూ, పనిమంతుణ్ణి ఎన్నాళ్ళు కింద కూర్చోబెడతారని?

పై అంతస్తులకి కూడా చుక్కలు వేయమని టీచరమ్మ వేసవి నుంచీ అర్జీల మీద అర్జీలు పెడుతోంది. మేనేజరు ఔననలేదు, కాదనలేదు, "పైవాళ్ళు చూస్తున్నారు" అన్నాడు. ఇదన్నమాట చూడడం! అందుకే నిన్ను పిలిపించారు. ఎవరి ఆలోచనో వాళ్ళ చేతే చేయిస్తున్నారు, న్యాయంగానే ఉంది. అందరికీ చెప్పేశాను. కండక్టరుగారు నీకోసం మెడలో వేసే దండ కొంటానంటే నేనే వద్దన్నాను, నువ్వు సిగ్గుతో మళ్ళీ రైలెక్కేస్తావని.

హోటల్లో దిగకు. నా గది చిన్నదే, కానీ మంచం నీకిచ్చి నేను కింద పడుకుంటాను. పరుపు ఎండలో వేశాను. ఈసారి ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవచ్చు, నెమ్మదిగా, నువ్వు నా పెదాలు చూస్తూ.

తొందరగా రా.

అక్క


సెప్టెంబరు 10

ఐదో తారీఖు పొద్దున్న ఏడింటికి మేం ఐదుగురం మెట్ల దగ్గర నిలబడ్డాం. నువ్వు వ్యాను దిగి మావైపు చూడకుండానే తాళ్ళకి వేలాడే బల్ల ఎక్కావు. పనిమీద ధ్యాస అనుకున్నాను. బల్ల వంతెన దగ్గర ఆగింది. నీ చేతిలో బ్లేడు చూసి, పాత చుక్కలు అరిగాయేమో, కొత్తవి వేస్తారేమో అనుకున్నాను. చూడు, ఎంత దూరం అనుకుంటూ వెళ్ళానో.

నువ్వు గీకడం మొదలుపెట్టావు. పైనుంచి కిందికి, వరసగా, శుభ్రంగా. నీ పని ఎప్పుడూ శుభ్రమే.

పిలిచాను. పేరు పెట్టి పిలిచాను, చిన్నప్పటి ముద్దుపేరుతో కూడా పిలిచాను. చేతులూపాను. ఒక్కసారి కిందికి చూశావు. చూసి మళ్ళీ గీకావు. అది వినపడకపోవడం కాదు.

టీచరమ్మ నా పక్కన నిలబడి ఉంది. "ఆయన మీ తమ్ముడు కాదు కదా?" అని అడిగింది.

"కాదు" అన్నాను.

నా జన్మలో నిన్ను కాదనడం అదే మొదటిసారి. నీకు తెలియాలనే రాస్తున్నాను.

చుక్కలు మూడు రోజులు రాలాయి. జిగురు చుక్కలు కదా, మెట్లకి అంటుకున్నాయి, నా చెప్పులకి అంటుకున్నాయి, చీపురు పుల్లలకి అంటుకున్నాయి. వాటిని ఊడ్చింది ఎవరనుకున్నావు?

అక్క


సెప్టెంబరు 21

అక్కా,

నేను ఈ ఉత్తరం ఆగస్టులోనే రాయాల్సింది. మూడుసార్లు రాసి చింపాను.

ఓనరు నన్ను పిలిచి, పెదాలు స్పష్టంగా కదుపుతూ చెప్పాడు: "ఆఫీసువాళ్ళ గొణుగుడు పడలేక ఆ చుక్కలు తీయించేస్తున్నారు. ఆ తెలివి నీదేనట. నీ చేత్తోనే తీసెయ్. తీస్తే మళ్ళీ పైపని. లేదంటే ఇక రానక్కర్లేదు." పాప స్కూలు, అద్దె, మీ మరదలి ఆరోగ్యం, ఇవన్నీ నీకు రాయాలా? నేను కాకపోతే ఇంకొకడు గీకేవాడు. ఈ మాట అందరూ చెప్పుకునేదేనని నాకూ తెలుసు.

కిందికి చూశాను. అబద్ధం ఆడను. నువ్వు నోరు తెరిచి ఉన్నావు. ఏమంటున్నావో వినపడలేదు, కానీ నీ పెదాల మీద నా పేరు నాకు చదవడం రాదా? ఇంకోసారి చూస్తే దిగిపోతానని చూడలేదు.

అది సరే. ఆ సాయంత్రం నీ గదికి వచ్చాను. తలుపు కొట్టాను. నిలబడ్డాను. మళ్ళీ కొట్టాను. నువ్వు లోపలే ఉన్నావు, తలుపు సందులోంచి దీపం కనపడుతోంది. తీయలేదు. ఎంతసేపు నిలబడ్డానో పైమెట్టు మీద కూర్చున్న ముసలాయన చూశాడు. చివరికి ఆయన కూడా తల తిప్పేసుకున్నాడు.

నువ్వు నన్ను కాదన్నావని రాశావు. నాకు ఆ తలుపు దగ్గరే తెలిసింది.

నా చెవుల సంగతి పేపరుకెక్కింది నీ నోటి నుంచి. నీ చుక్కలు రాలింది నా చేతి నుంచి. ఎవరిది ఎక్కువో తూచే ఓపిక నాకు లేదు.

తమ్ముడు


అక్టోబరు 14

తమ్ముడూ,

ఆ తలుపుకి గడియ లేదు.

నువ్వు మొదటిసారి కొట్టగానే "తీసే ఉంది, రా" అన్నాను. మళ్ళీ కొట్టావు. "రమ్మంటున్నానుగా" అని అరిచాను. నువ్వే నెట్టుకుని లోపలికి రావాలి, వచ్చి నాకు సమాధానం చెప్పాలి అని మంచం మీదే బిగుసుకుని కూర్చున్నాను. ఆ తర్వాత చప్పుడు ఆగిపోయింది. వెళ్ళిపోయాడు, అంత పొగరు అనుకున్నాను. వీడికి వినపడదు కదా అన్న మాట నీ ఉత్తరం చదివేదాకా నాకు తట్టలేదు. పుట్టినప్పటి నుంచి నిన్ను కేకేసి పిలిచిన నోరు. నాలుగు అడుగులు వేసి తలుపు తీయాల్సింది.

ఇంకోటి రాయాలి. చెప్పుకోవడానికి ఇక్కడ నాకు మనిషంటూ లేరు.

మొన్న పదకొండో తారీఖున పొగమంచు దిగింది. కంపెనీ పుట్టినరోజని ముందురోజు సాయంత్రం వెలిగించిన దీపాలు పై అంతస్తు దాకా ఆర్పలేదు. నేను వెళ్ళేసరికి మెట్లు కనపడలేదు. మెట్ల మీద పిట్టలు. మడత పడిన గుడ్డముక్కల్లా, ఒకదాని మీద ఒకటి. అడుగు వేయడానికి చోటు లేదు. మంచులో దారి తప్పి ఆ వెలుగు చుట్టూ తిరిగి, అద్దాలకి కొట్టుకుని పైనుంచి ఇంకా పడుతున్నాయి. తడి బట్ట నేలకేసి కొట్టినట్టు చప్పుడు, కాసేపు ఆగి మళ్ళీ. టీచరమ్మ, కండక్టరుగారు వచ్చారు. కవర్లు అయిపోయాయి. నా కొంగులో ఏరాను. మూడు వందల పన్నెండు దాకా లెక్కపెట్టాం. బతికినవి పదిహేను అట్టపెట్టెలో పెట్టాం, గంటలో పదిహేనూ పోయాయి.

ఆరున్నరకి మేనేజరు వచ్చాడు. పిట్టల మధ్య కాళ్ళు ఎత్తి ఎత్తి వేస్తూ వచ్చి నాతో అన్నాడు, "ఏడింటిలోపు శుభ్రం కావాలి. లేకపోతే చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు."

నేను ఊడ్చానురా.

ఎవరూ నా చెయ్యి పట్టుకుని ఊడిపించలేదు. నా మోకాలికి ఇంకెక్కడ పని దొరుకుతుందని ఊడ్చాను. కొన్ని ఇంకా కదులుతున్నాయేమో అని కళ్ళు మూసుకుని ఊడ్చాను. ఆరు డబ్బాలు నిండాయి. టీచరమ్మ మెట్ల పక్కన కూర్చుని అంతా చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. "మీరు కూడానా" అంది అంతే. చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది. తర్వాత రాలేదు. ఆవిడ ఇంటికి వెళ్ళాను. వాళ్ళాయన గుమ్మంలోనే నిలబడి, "ఇక ఆ పని మానేసింది, దయచేసి అడగకండి" అన్నాడు. ఫ్రిజ్ ఖాళీ చేశారట.

నీమీద కోపం పోలేదు. అబద్ధం ఎందుకు? కానీ ఆ రోజు చీపురు పట్టుకున్నప్పుడు, పైన బల్ల మీద నువ్వు ఎలా నిలబడ్డావో నాకు తెలిసింది. అది తెలిసినందుకు నిన్ను క్షమించానని కాదు. నన్నే ఎలా చూసుకోవాలో తెలియక రాస్తున్నాను.

అక్క


నవంబరు 3

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన రోజే నా పని పోయింది. మీ బిల్డింగ్ పని బాగా చేశానని మెచ్చుకుని, నెలాఖరు నుంచి రావద్దన్నారు. చెవులు లేనివాణ్ణి పైకి పంపినందుకు వాళ్ళమీదే కేసు పడొచ్చని ఎవరో సలహా ఇచ్చారట. మీ మరదలు ఒక స్కూలు వంటగదిలో చేరింది. క్యాలెండరు కాగితాలు ఖాళీగానే ఉంటున్నాయి, ఇద్దరికీ రాసుకోవడానికి ఏమీ లేక.

గడియ లేని తలుపు గురించి చదివాను. నెట్టి ఉండాల్సింది.

నిన్న తెల్లవారుజామునే లేచాను. నిద్ర పట్టక కాదు, పని లేదు కదా, లేవడానికి ఏదో ఒక కారణం ఉండాలని. బస్సు స్టాండు ఎదురుగా తొమ్మిదేళ్ళ క్రితం నేను బిగించిన బ్యాంకు బిల్డింగ్ ఉంది. అన్నీ నా చేత్తో ఎక్కించిన పలకలే, ఆ వరస మొత్తం. దాన్ని నేను పొద్దున్న తొమ్మిదికి చూశాను, మధ్యాహ్నం చూశాను, సాయంత్రం పాపని భుజానికెత్తుకుని చూపించాను. ఊడ్చేవాళ్ళు రాకముందు మాత్రం ఎప్పుడూ చూడలేదు.

పదకొండు ఉన్నాయి. ఏ రకమో నాకు తెలియదు. పది చల్లబడిపోయాయి. గోడ పక్కన ఒకటి కూర్చుని ఉంది, గోధుమరంగుది, ఒక రెక్క కిందికి జారి. తీసి చేతిలో పెట్టుకున్నాను. నువ్వు చెప్పిన అట్టపెట్టె గుర్తొచ్చింది. చుట్టూ వెతికాను, లేదు. చొక్కా విప్పి అందులో చుట్టి బస్సు స్టాండు బెంచీ మీద కూర్చున్నాను. గుండె కొట్టుకోవడం వేళ్ళకి తెలుస్తోంది.

అది నోరు తెరవడం, మూయడం, తెరవడం. అరుస్తోందో, ఊపిరి అందక అలా చేస్తోందో నాకు తెలియలేదు అక్కా. అరుస్తుంటే బతుకుతుందేమో, కాసేపు పట్టుకోవాలేమో. ఊపిరి కోసమైతే వదిలేయాలేమో. పక్కన బస్సు కోసం నిలబడ్డ వాళ్ళకి చూపించి అడిగాను, "ఇది అరుస్తోందా? కాస్త చెప్పండి, అరుస్తోందా?" అని. వాళ్ళు దాన్ని చూశారు, చొక్కా లేని నన్ను చూశారు. ఒకావిడ ఏదో చెప్పింది. ముసుగు కప్పుకుని ఉంది, పెదాలు కనపడలేదు. మళ్ళీ అడిగాను. వాళ్ళ బస్సు వచ్చింది.

బస్సు వెళ్ళేసరికి వేళ్ళ కింద ఏమీ కొట్టుకోవడం లేదు.

తమ్ముడు